రెండు గళ్ళు

గుంటూరు కలెక్టరాఫీసు గోడ వారన నా టైపు మిషను.
పక్కన స్టాంపుల భావన్నారాయణ,
ఆ పక్కన బజ్జీల పొయ్యి.
ఏటా మిరపకోతలు అయ్యాక వచ్చేవాడు
దూదేకుల ఉద్దండు.
మీసంలో, కనుబొమల్లో,
ఏది నెరిసిందో ఏది దూదో తెలిసేది కాదు.
ముప్పావలా ముందే బల్ల మీద పెట్టి
గొంతుక్కూర్చునేవాడు.

వృత్తి?
"దూది ఏకటం."
సైన్యంలో చేరక ముందు?
"దూది ఏకటం."
విడుదలయ్యాక?
"ఏందయ్యా, మళ్ళీ మళ్ళీ."

మిగతాది గళ్ళలో పట్టేది కాదు.

నల్లపాడులో తండ్రి బాజీ ఇచ్చిన విల్లు
భుజాన వేసుకుని కాకినాడలో ఓడెక్కాడట, రంగం పోవటానికి.
డెక్కు మీద జనం
అది వాయించేదో వేటాడేదో తేలక పందేలు కాశారట.
ఉప్పుగాలికి మేకనరం నారి సడలితే
రాత్రంతా పొట్ట మీద పెట్టుకుని
ఒంటి వేడితో ఆరబెట్టాడు.

రంగంలో తొమ్మిదేళ్ళు పరుపులు కుట్టాడు
చెట్టియార్ల మేడలకి, ఓడ కళాసులకి,
ఒకసారి ఆసుపత్రికి ఏకంగా వంద.
"మన సంగడిగుంటలో పెళ్ళికో పరుపు బాబూ,
అక్కడ పూటకో పరుపు."
నెలకి ఆరు రూపాయల మనియార్డరు.
కూపన్ మీద ఎవరి చేతనో రాయించిన ఒకటే మాట:
క్షేమం.

బాంబులు పడ్డ ఆ డిసెంబరు పొద్దున
దుకాణంలో దూదంతా పైకి లేచి
వీధి మీద తాపీగా దిగిందట.
గుర్రబ్బండి మీద, చచ్చిన గుర్రం మీద,
తెరిచిన గొడుగు మీద.
"అంత బాగా నేనెప్పుడూ ఏకలేదు."

నడిచి పారిపోయే జనం ఒక దారి,
పేర్లు రాసుకునే మిలిటరీ బల్ల ఒక దారి.
బల్ల దగ్గర అన్నం పెడుతున్నారు.
ఇది మాత్రం రాయొద్దన్నాడు.

కొలతలు తీసిన సార్జెంటు
కుడిచెయ్యి నొక్కి చూసి మెచ్చుకున్నాడు.
చిన్నప్పట్నుంచీ నారి మోగించిన చెయ్యి మరి.
"మేం కొడితే దూది ఎగరాలయ్యా.
ఆ పొద్దు మనిషి ఎగిరాడు."

అక్కడ ఆగి బీడీ అడిగేవాడు.
నేను కార్బన్ కాగితం సర్దుకునేవాణ్ణి, సర్దాల్సింది లేకపోయినా.

తర్వాత పట్టుబడ్డాడు.
ముళ్ళకంచె లోపలికి ఇంకో సైన్యం వచ్చి
ఎవరెవరు వస్తారంది.
చెయ్యెత్తాడు.
దేశం కోసమా, అన్నాను.
"దేశం కోసమే.
కంచె గురించి కూడా."

ఫారంలో రెండు గళ్ళు. ఆ సైన్యమా, ఈ సైన్యమా.
ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి.
మొదటిది పెడితే, పారిపోయినవాడన్నారు.
రెండోది పెడితే, సాక్షి ఏడీ అన్నారు.
సాక్షి ఒకడుండేవాడు, తుని మనిషి, మేడిశెట్టి అప్పారావు.
వానల్లో ఏదో వాగు దాటుతూ
ఉద్దండు బెల్టు పట్టుకుని,
మధ్యలో
వదిలేశాడు.

పదకొండేళ్ళు టైపు చేశాను.
ఒక ఏడు రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టాను.
ఇంకో ఏడు విసుగొచ్చి రెండూ ఖాళీగా ఉంచాను.
ఎప్పుడూ అదే కార్డు, అదే రబ్బరు ముద్ర.
కార్డు మడిచి రుమాలులో కట్టుకుని
"పైఏడు చూద్దాంలే" అని
విల్లు తీసుకుని అరండల్‌పేట సందుల్లోకి పోయేవాడు.
మేడల మీంచి ఎవరన్నా పిలిచేదాకా
నారి మీటుకుంటూ. టంయ్. టంయ్.

పోయినసారి నా కుర్చీని జానతో కొలిచాడు.
ఎందుకంటే చెప్పలేదు.

ఈ ఏడు మిరప యార్డు ఘాటు తగ్గి నెలైంది,
రాలేదు.
నిన్న వాళ్ళావిడ మౌలాబీ వచ్చింది
చంకలో గళ్ళగుడ్డ దిండుతో.
పాతబాకీ అని ముప్పావలా కూడా పెట్టబోయింది.
బాకీ ఏమీ లేదమ్మా అన్నా
కాసేపు అక్కడే నిలబడింది.

దిండు కుర్చీకి సరిపోయింది, అంగుళం తేడా లేదు.
మెత్తగానే ఉంది.
ఎడమపక్క ఒక్కచోట
పత్తిగింజ గుచ్చుకుంటోంది.
అంత పనివాడు
గింజ వదలడే.